సముద్రం దూరమే, తుఫాను దగ్గరే!



2025 అక్టోబరు నెలాఖరులో మొంథా తుఫాను వస్తోందని రేడియోలు, టీవీలు పదేపదే చెబుతున్న రోజులవి. బడికి సెలవులు అని చెప్పిన సాయంత్రం తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. వాళ్లది మా ఐనవిల్లి మండలంలోని ఒక లంక.

"మాస్టారూ! మనకి సముద్రం ఇరవై కిలోమీటర్ల దూరం కదండీ. ఉప్పెన ఇంత లోపలికి రాదని మా తాతగారు అంటున్నారు. గేదెని వదిలేసి నేనెక్కడికీ రానని కూర్చున్నారు. మరి ఇల్లు ఖాళీ చెయ్యమని ఎందుకు చాటింపు వేస్తున్నారండీ?"

ఈ ప్రశ్న ఆ ఒక్క తాతగారిది కాదు. సముద్రపు ఒడ్డున కాకుండా కాస్త లోపలగా ఉన్న ప్రతి ఊరివాళ్లూ ఇలాగే అనుకుంటారు. తాతగారి మాటలో సగం నిజం ఉంది. ఆ మిగతా సగం తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆ రెండో సగం ఏమిటో ఈ పాఠంలో చూద్దాం.

తుఫాను పుట్టుక

ఎండాకాలంలో కుండ చుట్టూ తడిగుడ్డ చుడితే లోపలి నీరు చల్లబడుతుంది. నీరు ఆవిరి అయ్యేటప్పుడు వేడిని తీసుకుపోవడమే ఇందుకు కారణం. సముద్రం పైభాగాన ఉన్న గోరువెచ్చని నీటిలో ఒక గ్రాము ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడి ఎక్కడికీ పోదు, ఆవిరిలోనే దాగి ఉంటుంది. ఆవిరి పైకి వెళ్లి మేఘమై మళ్లీ నీరుగా మారినప్పుడు ఆ వేడి బయటపడుతుంది.

బంగాళాఖాతంలో నీరు 26, 27 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి వేడిగా ఉన్నప్పుడు ఈ పని పెద్ద ఎత్తున జరుగుతుంది. బయటపడ్డ వేడికి గాలి తేలికై పైకి లేస్తుంది. కింద పీడనం తగ్గుతుంది. ఆ ఖాళీని నింపడానికి నాలుగు వైపులనుంచి గాలి పరుగెత్తుకు వస్తుంది. భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నందువల్ల ఆ గాలి తిన్నగా రాలేక పక్కకు ఒరుగుతుంది. అందువల్ల మన ఉత్తరార్ధగోళంలో అది గడియారపు ముల్లుకు ఎదురు దిశలో సుడి తిరుగుతుంది. తుఫాను అంటే ఇదే. సముద్రపు వేడినీరు దానికి ఆహారం.

అట్లాంటిక్ వైపు దీన్నే హరికేన్ అంటారు. చైనా, జపాన్ వైపు టైఫూన్ అంటారు. సైక్లోన్ అనే మాట పుట్టుకకు మన తీరంతో సంబంధం ఉంది. కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన బంగాళాఖాతపు తుఫానులను పరిశీలించి, పాము చుట్టలాగా గాలి తిరుగుతుందని గ్రహించి, 1848లో ఈ పేరు పెట్టాడు. ఆయన చెప్పిన తుఫానులలో 1789లో కాకినాడ దగ్గరి కోరంగి రేవును ముంచినది ఒకటి. 1839 నవంబరులో మరో ఉప్పెన ఆ రేవును మళ్లీ నాశనం చేసింది. ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన కోరంగి ఆ తరువాత కోలుకోలేదు.

గాలి వేగాన్నిబట్టి మన వాతావరణ శాఖ పేర్లు పెట్టింది. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లు ఉంటే వాయుగుండం. 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62 నుంచి 88 వరకు తుఫాను. 89 నుంచి 117 వరకు తీవ్ర తుఫాను. 118 దాటితే అతి తీవ్ర తుఫాను, 168 దాటితే ఇంకా భీకరమైనది. 222 చేరితే సూపర్ సైక్లోన్.

తుఫానుకు మూడు ఆయుధాలున్నాయి. అవి ఉప్పెన, గాలి, వాన. తాతగారు మొదటిదాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు.

మొదటి ఆయుధం: ఉప్పెన

పీడనం తగ్గినచోట సముద్రమట్టం పైకి లేస్తుంది. ఒక మిల్లీబారు తగ్గితే సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. కేంద్రంలో పీడనం 50 మిల్లీబారులు తగ్గితే నీరు అరమీటరు లేచిందన్నమాట. ఇది చిన్న సంగతే. అసలు పని చేసేది గాలి. అది లోతు తక్కువైన తీరం మీదికి నీటిని నెట్టుకుంటూ వస్తుంది. వెనక్కి పోవడానికి దారిలేక నీరు గోడలా లేస్తుంది.

1977 నవంబరు 19న దివిసీమలో జరిగినది ఇదే. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్లమీదికి వచ్చింది. పదివేలమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

పడమరగా కదిలే తుఫానులో, కేంద్రానికి ఉత్తరాన ఉన్న తీరంలో గాలి సముద్రం మీదినుంచి నేలమీదికి వీస్తుంది. కాబట్టి ఉప్పెన అటే ఎక్కువ. దక్షిణాన గాలి నేలమీదినుంచి సముద్రం వైపు వీస్తుంది కనుక అక్కడ నీరు వెనక్కి తగ్గవచ్చు కూడా.

ఉప్పెన లోపలికి వచ్చేకొద్దీ నేల, చెట్లు, గట్లు దాన్ని అడ్డుకుంటాయి. ఐనవిల్లి దాకా సముద్రపు గోడ వచ్చే అవకాశం చాలా తక్కువ. తాతగారి మాటలో నిజం ఇంతవరకే. అయితే ఒక సంగతి మరిచిపోకూడదు. గోదావరి పాయలు సముద్రంలోకి తెరిచిన తలుపులు. ఆ తలుపుల దగ్గర సముద్రం ఎత్తుగా నిలబడితే, ఏటి నీరు, మురుగు కాలవల నీరు బయటికి పోలేక వెనక్కి ఎగదన్నుతాయి. సముద్రం మన ఊరికి రాకపోయినా, మన నీటిని పోనివ్వదు. దీని సంగతి మళ్లీ చెప్పుకుందాం.

రెండో ఆయుధం: గాలి

1996 నవంబరు 6. అప్పుడు నాకు పాతికేళ్లు. మాది పెంకుటిల్లు. "సముద్రం మనదాకా రాదులే" అని మా నాన్నగారు తలుపులు బిడాయించి అందరినీ లోపల కూర్చోబెట్టారు. ఆయన అన్నట్టే సముద్రం రాలేదు. గాలి వచ్చింది.

రాత్రి తొమ్మిది దాటాక పెంకులు ఒక్కొక్కటే కాదు, వరుసలు వరుసలుగా లేచిపోసాగాయి. పెరటి కొబ్బరిచెట్టు వంటింటి మీద పడింది. మేం అయిదు నిమిషాల ముందే అక్కడినుంచి లేచి వచ్చాం. అప్పుడు బయలుదేరాం పక్కింటి డాబాకి. మా మామ్మని నేనూ మా నాన్నగారూ చేతులమీద మోశాం. పట్టుమని ముప్ఫై అడుగుల దూరం. నిలబడితే గాలి తోసేస్తోంది. చివరికి పాకుతూ వెళ్లాం. పగటిపూట అయితే అర నిమిషం పట్టని ఆ దారి ఆ రాత్రి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. తెల్లవారి చూస్తే కొబ్బరితోటలు దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపుకి పడి ఉన్నాయి. కోతకు వచ్చిన వరి నేలకు అంటుకుపోయింది.

ఆ తుఫాను కాకినాడకు దక్షిణాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో తీరం దాటింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. అంతకు మించిన సంఖ్యలో గల్లంతయ్యారు. వారిలో చాలామంది సముద్రం మీద ఉన్న మత్స్యకారులు. గోదావరి ముఖద్వారంలోని భైరవపాలెం వంటి ఊళ్లు ఆ దుఃఖాన్ని ఇప్పటికీ మరవలేదు.

గాలికి అంత బలం ఎక్కడిది? ఒక లెక్క చూడండి. గాలి తోపు దాని వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. వేగం రెండింతలైతే తోపు నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. రెండు చదరపు మీటర్ల తలుపు ఒకటి ఉందనుకోండి. దానిమీద పడే తోపు సుమారుగా ఇలా ఉంటుంది.

గంటకు 60 కి.మీ. గాలికి: 34 కిలోల బరువంత.
గంటకు 120 కి.మీ. గాలికి: 136 కిలోల బరువంత.
గంటకు 180 కి.మీ. గాలికి: 306 కిలోల బరువంత.

"కిందటిసారి తుఫానుకి మా ఇల్లు ఆగింది, ఈసారీ ఆగుతుంది" అనేవాళ్లకు ఈ లెక్క చూపించండి. కిందటిసారి వేగం 80 ఉండి ఈసారి 160 ఉంటే, ఇంటిమీద పడేది రెట్టింపు బలం కాదు, నాలుగు రెట్ల బలం.

ఇంకొకటి. గాలి ఇంటిని పక్కనుంచి తోయడమే కాదు, కప్పును పైకి లాగుతుంది. కప్పు మీదుగా వేగంగా పోయే గాలిలో పీడనం తక్కువ. లోపలి నిశ్చలమైన గాలిలో పీడనం ఎక్కువ. ఈ తేడా రేకును కిందినుంచి పైకి ఎత్తుతుంది. గాలి వచ్చే వైపు తలుపు ఊడిపోతే లోపలి పీడనం ఇంకా పెరిగి కప్పు మొత్తం లేచిపోతుంది. అందుకే గాలివైపు తలుపులు, కిటికీలు గట్టిగా బిగించాలి.

మరి తీరం దాటాక తుఫాను బలహీనపడదా? పడుతుంది. ఆహారమైన వేడినీరు అందదు, నేల రాపిడి ఎక్కువ. కాని అది గంటలమీద జరిగే పని. గంటకు 15, 20 కిలోమీటర్ల చొప్పున కదిలే తుఫానుకి సముద్రపు ఒడ్డునుంచి ఐనవిల్లికి రావడానికి గంట, గంటన్నర చాలు. మధ్యలో కొండ లేదు, గుట్ట లేదు. ఉన్నదంతా చదునైన పొలం, నీళ్లున్న కాలవలు. తీరంలో కొట్టిన గాలికీ మన ఊళ్లో కొట్టే గాలికీ పెద్ద తేడా ఉండదని దీన్నిబట్టి తెలుసుకోవాలి.

మూడో ఆయుధం: వాన

గాలి ఒక పూటలో పోతుంది. వాన కథ అక్కడితో అయిపోదు. తుఫాను తీరం దాటి లోపలికి పోయి ఎక్కడో తెలంగాణలోనో, ఛత్తీస్‌గఢ్‌లోనో, ఒడిశాలోనో కురిపించిన వాన, కొన్ని రోజుల తరువాత గోదావరిలో మన దగ్గరకే తిరిగి వస్తుంది.

1986 ఆగస్టులో అలాగే జరిగింది. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం లోపలికి వెళ్లి కుండపోతగా కురిసింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి పోయింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. కోనసీమలో గట్లు తెగాయి. గుర్తుంచుకోండి, అది వాయుగుండమే, తుఫాను కూడా కాదు. గాలి పేరు చిన్నదైనంత మాత్రాన వాన చిన్నది కానక్కరలేదు. 2022 జులైలో మళ్లీ భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. మన వైపు లంకలన్నీ రోజుల తరబడి నీటిలో ఉన్నాయి.

ఇది మన ఊరి సంగతే కాదు. 2024 సెప్టెంబరు 26 రాత్రి అమెరికాలోని ఫ్లోరిడా తీరాన్ని హెలీన్ అనే హరికేన్ దాటింది. ఆ వానలకు బాగా దెబ్బతిన్న ఊళ్లలో ఆష్‌విల్ ఒకటి. అది అట్లాంటిక్ సముద్రానికి సుమారు నాలుగు వందల కిలోమీటర్ల దూరాన కొండల మధ్య ఉన్న ఊరు. హరికేన్‌కు భయపడనక్కరలేదని అక్కడికి వెళ్లి స్థిరపడ్డవారూ ఉన్నారు. పక్కనున్న నదులు పొంగి ఊరిని ముంచాయి. సముద్రానికి దూరం కావడం, నీటికి దూరం కావడం ఒకటి కాదు.

ఏ ప్రమాదానికి ఏ చోటు?

ఇల్లు ఖాళీ చేయడమంటే ఎక్కడికో పారిపోవడం అని కొందరి భయం. అది నిజం కాదు. ఎవరు ఎక్కడికి వెళ్లాలన్నది వారికి పొంచి ఉన్న ప్రమాదాన్నిబట్టి ఉంటుంది.

ఉప్పలగుప్తం, అల్లవరం, కాట్రేనికోన వంటి తీర మండలాలవారికి ఉప్పెన భయం. వారు లోపలికి రావాలి, లేదా ఎత్తుగా కట్టిన తుఫాను షెల్టర్లలోకి వెళ్లాలి.

ఐనవిల్లి ఊరిలో పాకలు, రేకుల ఇళ్లు, పెంకుటిళ్లలో ఉన్నవారికి గాలి భయం. వారు ఊరు దాటనక్కరలేదు. గట్టి డాబా ఉన్న బడికో, పంచాయతీ భవనానికో, పక్కింటికో వెళితే చాలు. దూరం వంద గజాలే కావచ్చు. ఆ వంద గజాలే ప్రాణాన్ని కాపాడతాయి. మంచి డాబాలో ఉన్నవారు కదలనక్కరలేదు. నలుగురికి చోటివ్వడమే వారి పని.

ఐనవిల్లిలంక, శానపల్లిలంక, వీరవల్లిపాలెం వంటి ఏటి పక్క ఊళ్లవారికి గాలి భయమూ, వరద భయమూ రెండూ ఉన్నాయి. వరదొస్తే ముక్తేశ్వరం దగ్గరి కాజ్‌వే మునుగుతుంది. ముక్తేశ్వరం, కోటిపల్లి రేవుల మధ్య పంటు ఆగుతుంది. దారి తెగాక మనసు మారినా లాభం లేదు. అందుచేత అందరికంటే ముందు కదలవలసినవారు వీరే.

ఎప్పుడు బయలుదేరాలి?

"రేపు చూద్దాం, గాలి మొదలైతే వెళదాం" అంటారు పెద్దలు. ఈ మాట ఎందుకు తప్పో లెక్క వేసి చూపిస్తాను. పుస్తకం తీసుకోండి.

ఒక లంకలో 480 మంది ఉన్నారనుకుందాం. రెండు పడవలున్నాయి. ఒక్కో పడవలో 20 మంది పడతారు. ఎక్కించుకొని, దాటించి, దింపి, తిరిగి రావడానికి 40 నిమిషాలు. మొత్తం 24 ట్రిప్పులు కావాలి. రెండు పడవలు కనుక ఒక్కోదానికి 12. అంటే 12 ట్రిప్పులకు 480 నిమిషాలు, సరిగ్గా 8 గంటలు.

ఇప్పుడు తుఫాను సంగతి. కేంద్రం చుట్టూ 150 కిలోమీటర్ల మేర పడవ నడపలేనంత గాలి ఉందనుకుందాం. తుఫాను గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. అంటే కేంద్రం చేరడానికి 10 గంటల ముందే పడవలు ఆగిపోతాయి. కేంద్రం రాత్రి 10 గంటలకు వస్తుందంటే, పడవలకు చివరి గడువు మధ్యాహ్నం 12.

మధ్యాహ్నం 12 నుంచి 8 గంటలు వెనక్కి లెక్కపెట్టండి. తెల్లవారుజామున 4 గంటలు. అప్పటికి చీకటి. చీకటిలో జనాన్ని పడవ ఎక్కించడం ప్రమాదం. కాబట్టి ముందురోజు పగలే బయలుదేరాలి. ఆ ముందురోజున ఆకాశం ఎలా ఉంటుందో తెలుసా? బహుశా ఎండ కాస్తూ ఉంటుంది! ఎండలో ఇల్లు వదలమంటే ఎవరికైనా నవ్వు వస్తుంది. కాని లెక్క నవ్వదు.

ఈ లెక్కలో గేదెలు లేవు, సామాను లేదు, నడవలేని ముసలివాళ్లు లేరు. వారిని కూడా చేరిస్తే ఇంకా ముందే కదలాలి.

హెచ్చరికలు చదవడం

వాతావరణ శాఖ నాలుగు దశలలో హెచ్చరిస్తుంది. మొదటిది మూడు రోజుల ముందు, "గమనిస్తూ ఉండండి" అని. రెండోది కనీసం 48 గంటల ముందు, దాని రంగు పసుపు. మూడోది 24 గంటల ముందు, నారింజ రంగు. నాలుగోది కనీసం 12 గంటల ముందు, ఎరుపు. ఈ నాలుగోదానిలోనే తీరం దాటిన తరువాత తుఫాను ఎటు వెళుతుంది, లోపలి ప్రాంతాలలో గాలి, వాన ఎలా ఉంటాయి అన్న వివరాలుంటాయి. లోపలి ఊళ్లవాళ్లకోసమే చెప్పే మాట అది. కాని లంకవాళ్లు దానికోసం ఆగకూడదు. పై లెక్కనిబట్టి వారు పసుపు, నారింజ మధ్యలోనే కదలాలి.

కాకినాడ రేవులో ఎగరవేసే నంబర్ల సూచికలు ఓడలకోసం. 8, 9, 10 అంటే అతి ప్రమాదం. వాటినిబట్టి మన ఇంటి సంగతి నిర్ణయించుకోకూడదు.

వరదకు వేరే కొలతలున్నాయి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. భద్రాచలం దగ్గర ఇవే 43, 48, 53 అడుగులు. భద్రాచలం నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఆ ఒక రోజు గోదావరి మనకిచ్చే గడువు.

"హెచ్చరిక ఇచ్చారు, తుఫాను ఇంకెక్కడో దాటింది, ఊరికే కంగారుపెట్టారు" అనేవారున్నారు. మొంథా కాకినాడ పరిసరాల్లో దాటవచ్చని చెప్పారు. 2025 అక్టోబరు 28 రాత్రి అది నరసాపురం దగ్గర దాటింది. ఇది 'నాన్నా పులి' కథ కాదు. ముందురోజు వేసే అంచనాలో కేంద్రం పదుల కిలోమీటర్లు అటూ ఇటూ కావడం సహజం. అందుకే మచిలీపట్నం, కళింగపట్నం మధ్య అంటూ వెడల్పుగా చెబుతారు. ఆ వెడల్పులో ఉన్న ప్రతి ఊరూ సిద్ధపడాలి. పులి పక్క ఊరికి వెళ్లినంత మాత్రాన అడవిలో పులి లేదని కాదు కదా!

ముందే కదిలితే ఫలితం ఉంటుందా? 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర దాటిన తుఫాను చాలా భయంకరమైనది. 967 మంది చనిపోయారు. అది తక్కువేమీ కాదు. కాని 1977తో పోల్చి చూడండి. ఒడిశాలో 1999లో సుమారు పదివేలమంది చనిపోతే, 2013లో ఫైలిన్ తుఫానుకు ముందు సుమారు 10 లక్షలమందిని తరలించారు. మరణాలు పదులలోకి తగ్గాయి. గాలి మారలేదు, మనుషులు మారారు.

గాలి చెప్పే మాట

కరెంటు పోయి, ఫోన్లు మూగబోయినప్పుడు కూడా తుఫాను ఎక్కడుందో తెలుసుకోవచ్చు. కిటికీలోంచి చెట్లు ఎటు ఊగుతున్నాయో చూసి గాలి దిక్కు గుర్తించండి. గాలికి వీపు చేసి నిలబడ్డట్టు ఊహించుకోండి. మీ ఎడమచేతి వైపు, సుమారుగా, తుఫాను కేంద్రం ఉంటుంది. ఉదాహరణకు ఈశాన్యపు గాలి వీస్తుంటే మీ ముఖం నైరుతికి ఉంటుంది, ఎడమచెయ్యి ఆగ్నేయాన్ని చూపుతుంది. కేంద్రం ఇంకా సముద్రం మీదే ఉంది.

తరువాత గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, తూర్పునుంచి ఆగ్నేయానికి మారిందా? కేంద్రం మీకు దక్షిణంగా దాటిపోతోంది. ఉత్తరం నుంచి వాయవ్యానికి, పడమరకు మారిందా? ఉత్తరంగా దాటిపోతోంది. దిక్కు మారకుండా గాలి అంతకంతకూ పెరుగుతోందా? అది తిన్నగా మీమీదికే వస్తోంది.

అలా వచ్చినప్పుడు ఉన్నట్టుండి గాలి ఆగిపోతుంది. నక్షత్రాలు కూడా కనిపించవచ్చు. తుఫాను అయిపోయిందని ఎవరూ బయటకు రాకండి. అది తుఫాను కన్ను. కొద్దిసేపటికే ఎదురు దిక్కునుంచి అంతే బలంగా గాలి కొడుతుంది. మొదటి గాలికి వదులైన గోడలు, చెట్లు రెండో గాలికి కూలతాయి.

ఇంటి ప్రణాళిక

తుఫాను వచ్చినప్పుడు ఆలోచించడం కష్టం. రాకముందే ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. అందులో ఇవి ఉండాలి.

1. మేము వెళ్లే చోటు ఏది? ఆ దారి మునిగితే రెండోది ఏది?
2. ఏ హెచ్చరిక వినగానే కదలాలి? "గాలి పెరిగితే" అని రాయకండి. రోజు, రంగు రాయండి.
3. ఇంట్లో నడవలేనివారు, గర్భిణులు, పసిపిల్లలు ఎవరు? ఎవరిని ఎవరు పట్టుకోవాలి?
4. సంచిలో ఏముండాలి? ఆధార్, రేషన్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకం, మీ సర్టిఫికెట్లు పాలిథిన్ కవరులో. మందులు, టార్చిలైటు, అటుకులు, బెల్లం, మూడు రోజులకు మంచినీళ్లు.
5. పశువుల సంగతేమిటి? ముందురోజే గట్టు మీదికి తోలాలి. వీలుకాకపోతే పలుపు విప్పి వదలాలి. కట్టేసిన గేదె మునుగుతుంది, విడిచిన గేదె ఈదుతుంది.
6. వెళ్లేముందు మెయిన్ స్విచ్ ఆపాలి, గ్యాస్ కట్టేయాలి.

తిరిగి వచ్చాక తెగిన కరెంటు తీగలను తాకకండి. నీరు కాచి తాగండి. వరద తగ్గిన ఇళ్లలో పాములు చేరతాయి, కర్రతో తట్టి చూసి లోపలికి వెళ్లండి. సహాయానికి 112కు ఫోను చేయండి.

తాతగారి సంగతి

ఆ కుర్రవాడికి పడవల లెక్క నోటుపుస్తకంలో వేసి ఇచ్చాను. గేదె పలుపు సంగతీ చెప్పాను. మర్నాడు పొద్దున్న బడి వరండాలో తాతగారు కనిపించారు. గేదె ముందురోజు సాయంత్రమే ఏటిగట్టు ఎక్కిందట. "లెక్క మావాడు నాకు చెప్పాడండీ. నాకు అక్షరాలు రావు గాని లెక్కలు వచ్చు" అన్నారాయన. ఆ రాత్రి గాలి 1996 నాటంత రాలేదు. ఆయన ఇల్లు నిలిచే ఉంది. అయినా వచ్చినందుకు ఆయన చిన్నబుచ్చుకోలేదు. "ఇల్లు ఉందని తెలిసింది మేం మిగిలాం కాబట్టే కదా" అన్నారు.

చేసి చూడండి

1. సన్నని కాగితం ముక్కను కింది పెదవికి ఆనించి పట్టుకొని, దాని మీదుగా గట్టిగా ఊదండి. కాగితం కిందికి వంగుతుందా, పైకి లేస్తుందా? రేకుల కప్పుతో పోల్చి చెప్పండి.

2. ఎండలో ఒక మీటరు కర్రను నిలబెట్టి నీడ కొలవండి. అదే సమయంలో కొబ్బరిచెట్టు నీడ కొలవండి. కర్ర నీడ అరమీటరు, చెట్టు నీడ 8 మీటర్లు అయితే చెట్టు ఎత్తు ఎంత? ఆ చెట్టు మీ ఇంటికి అంతకంటే దగ్గరగా ఉందా? మీ ఇంటి చుట్టూ ఉన్న చెట్లన్నిటితో ఒక పటం గీసి, ఏ గదిమీద ఏ చెట్టూ పడదో గుర్తించండి.

3. మీ వీధిలో గట్టి డాబాలు ఎన్ని, పాకలు, రేకుల ఇళ్లు ఎన్ని? ఒక్కో డాబాలో ఎంతమంది పడతారు? లెక్క వేసి మీ పంచాయతీ కార్యాలయంలో ఇవ్వండి.

4. పై లంక లెక్కలో మూడో పడవ దొరికితే ఎన్ని గంటలు పడుతుంది? తుఫాను గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వస్తే పడవలు ఎన్ని గంటల ముందు ఆగుతాయి?

ఈ నాలుగో ప్రశ్నకు జవాబు మీ ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చెయ్యండి. మార్కులకోసం కాదు, అవసరం వచ్చిన రోజున మీ ఇంట్లో అందరికీ ఆ జవాబు తెలిసి ఉండాలని.